సీలు వేసిన తుపాకీ

పోయిన తుపాకీని వచ్చి తీసుకెళ్లమని పోలీసులు కబురు పెడితే ఎవరైనా ఎగిరి గంతేస్తారు. నగల దుకాణం గార్డు మాత్రం ఆ మాట వింటూనే గేటు దగ్గరి స్టూలు మీద కూలబడ్డాడు.

కారణం ఉంది. అది చెక్క తుపాకీ.

తండ్రి వదిలివెళ్లిన అసలు తుపాకీ పదకొండేళ్ల కిందటే తుప్పుపట్టి ముక్కలైంది. దాని లైసెన్సు మాత్రం నిక్షేపంగా ఉంది. తుపాకీ లేని గార్డుని ఏ దుకాణమూ గుమ్మం ఎక్కనివ్వదు. అప్పుడు వడ్రంగం చేసే బావమరిది, సామాన్ల పెట్టెల చెక్కతో అచ్చం అలాంటిదే ఒకటి చెక్కి, నల్లరంగు పూసి బావగారి చేతిలో పెట్టాడు.

"వారం వారం కిరసనాయిలు రాయడం మాత్రం మర్చిపోకు బావా. మిగతాదంతా నా పూచీ" అన్నాడు.

గార్డు ఒక్క ఆదివారం కూడా తప్పలేదు. గుమ్మంలో కూర్చుని తుపాకీకి కిరసనాయిలు పట్టిస్తుంటే, ఎంత శ్రద్ధో చూడండని వీధి వీధంతా మెచ్చుకునేది. లైసెన్సు ఆఫీసులో ఏటా కాగితం చూసి ముద్ర వేసేవారే తప్ప, ఏదీ నీ తుపాకీ అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

ఏడు నెలల కిందట ఓ మధ్యాహ్నం గార్డు కునుకు తీస్తుంటే, పక్కన ఆనించిన తుపాకీని ఎవడో గోనెసంచిలో చుట్టుకుని ఉడాయించాడు. గార్డు కిక్కురుమనకుండా ఊరుకుందామనే చూశాడు. యజమాని ఊరుకోలేదు. చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి మరీ ఫిర్యాదు ఇప్పించాడు. దొంగ ఆ గంటలోనే పోలీసులకి దొరికిపోయాడు, సంచి విప్పి చూసుకునే తీరిక కూడా లేకుండా. పోలీసులు ఆ సంచిని అలాగే గుడ్డలో కుట్టి, లక్కతో సీలు వేసి, స్టేషన్ సామాన్ల గదిలో ఓ మూల పడేశారు. కోర్టు ఉత్తర్వు వచ్చేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. ఇప్పుడా ఉత్తర్వు వచ్చింది.

"సోమవారం తుపాకీతో వస్తే నువ్వు గార్డువి. వట్టి చేతులతో వచ్చావో, ఇంకో గార్డుని చూసుకుంటాను" అన్నాడు యజమాని.

వెళ్లకపోతే ఉద్యోగం పోతుంది. వెళ్తే ఎదురుగా సీలు విప్పుతారు, చెక్కని తేలుతుంది, ఇన్నేళ్లూ అందరి కళ్లకీ గంతలు కట్టినందుకు లోపలేస్తారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. బావమరిదైతే "నా పేరు మాత్రం ఎత్తకు బావా" అని చెప్పి, పనుందంటూ పొరుగూరు వెళ్లిపోయాడు.

"వెళ్లి ధైర్యంగా నిలబడండి. పదకొండేళ్లు నిలబడలేదా?" అని భార్య బయటికి తోసింది.

గార్డు స్టేషన్ మెట్లెక్కేసరికి ఇన్‌స్పెక్టర్ కుర్చీలోంచి లేచి ఎదురొచ్చాడు.

"రండి రండి, కూర్చోండి. టీ తాగుతారా?"

పోలీసు నోట 'అండి' అన్న మాట వినేసరికి గార్డు పై ప్రాణాలు పైనే పోయాయి. అంతా తెలిసిపోయింది, బలిచ్చే మేకకి మేత పెట్టినట్టు టీ పోస్తున్నారు అనుకున్నాడు.

ఇంతలో స్టేషన్‌లో రాతకోతలు చూసే రైటర్, తళతళలాడే తుపాకీ ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"సీలు మేమే విప్పి తుడిచి ఉంచామండి, మీకెందుకు శ్రమని" అన్నాడు ఇన్‌స్పెక్టర్, గార్డు మొహంలోకి చూడకుండా.

గార్డు దాన్ని ఎత్తబోయాడు. చెయ్యి కిందికి గుంజేసింది. చల్లటి ఇనుము! తన తుపాకీలాంటివి నాలుగు కట్టకట్టినా ఇంత బరువు ఉండవు. ఇది తనది కాదు. కాదని నోరు విప్పితే, మరి నీది ఏదని వెతకడం మొదలుపెడతారు.

"మీదేగా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్ ఆత్రంగా.

"నాదే సార్! కళ్లు మూసుకుని కూడా గుర్తుపడతాను."

"నంబరు దగ్గర కాస్త తుప్పు పట్టింది, అంకెలు కనబడవు..."

"ఆ తుప్పు కూడా నాదే సార్!"

ఇన్‌స్పెక్టర్ గట్టిగా ఊపిరి వదిలాడు. రైటర్ చూపించిన నాలుగు చోట్లా గార్డు గబగబా సంతకాలు గిలికి, అలవాటుకొద్దీ తుపాకీని గిర్రున తిప్పి భుజాన వేసుకోబోయాడు.

ఢాం!

గోడ గడియారం కిందపడి ముక్కలైంది. రైటర్ బల్ల కిందికి దూరాడు. గార్డు తుపాకీతో సహా నేల మీద చతికిలబడ్డాడు. పదకొండేళ్ల ఉద్యోగంలో అతని తుపాకీ పేలడం అదే మొదలు. ఇక తన పని అయిపోయిందనుకుని ఏడుపు మొహం పెట్టాడు. ఇన్‌స్పెక్టర్ మాత్రం దగ్గరికొచ్చి, రెక్క పట్టుకుని మెల్లగా లేపాడు.

"పాత గడియారమేలెండి. ఎప్పుడూ పది నిమిషాలు వెనకే నడిచేది. మీరు జాగ్రత్తగా బయల్దేరండి."

గార్డు బతుకు జీవుడా అనుకుంటూ, ఎవరి పసిబిడ్డనో ఎత్తుకున్నట్టు తుపాకీని రెండు చేతులా పట్టుకుని మెట్లు దిగాడు. ఇక జన్మలో డ్యూటీలో కునుకు తీయనని ఒట్టు పెట్టుకున్నాడు.

అతను వీధి మలుపు తిరిగాక రైటర్ బల్ల కిందినుంచి తల బయటపెట్టాడు.

"సార్, నా తుపాకీ ఏదల్లుడూ అని మీ మామగారు అడిగితే?"

ఇన్‌స్పెక్టర్ సొరుగు లాగి, లక్క సీళ్లు వేలాడుతున్న గుడ్డ ఒకటి తీసి, అందులోని పిడికెడు మట్టిని చెత్తబుట్టలోకి దులిపాడు.

"ఆయనకి ఏదో ఒక అబద్ధం చెప్తాలేవయ్యా. కోర్టుకి నిజం చెప్పడమే కష్టం. సీలు వేసిన ఇనుప తుపాకీని చెదలు తినేశాయంటే ఎవడు నమ్ముతాడు?"