మూడడుగుల గడ్డి

పక్కింటి గడ్డి మాస్టారు తన స్థలంలో మూడడుగులు మింగేశాడు. అద్దాలు కోసి అమ్మే అద్దాలాయన గుండెల్లో రాయిలా పడి ఉన్న సంగతి అదొక్కటే.

"చదువుకున్నోళ్ళంతా ఇంతే సార్," అన్నాడు టేపు విప్పుతున్న సర్వేయరుతో. "నోట్లో వేలు పెడితే కొరకలేరు. పక్కోడి స్థలంలో కాలు మాత్రం పెడతారు. పోనీ ఏదైనా కట్టుకున్నాడా అంటే అదీ లేదు. గడ్డి పెంచుతున్నాడు సార్, గడ్డి!"

తీగ కంచెకి అవతల, నడుమెత్తు పెరిగిన ఆ గడ్డి పక్కనే, రిటైరైన మాస్టారు స్టూలు మీద కూర్చుని కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. ముఖాన చెమట చుక్క లేదు. ఆ నిదానం చూస్తేనే అద్దాలాయనకి ఒళ్ళు మండుతుంది.

"కొలవండి. ఎవరిది వాళ్ళకే పోతుంది," అన్నాడు మాస్టారు.

అద్దాలాయన కుడిచెయ్యి వణకడం మొదలైంది. ఆ చెయ్యే అతని అన్నం. గాజు మీద గీత ఒక్కసారే గియ్యాలి. చెయ్యి తడబడిందని రెండోసారి దిద్దితే పలక ఇష్టమొచ్చినట్టు పగులుతుంది. ఈ మూడడుగుల గురించి ఆలోచిస్తూ గీసి, కిందటి నెల వరసగా మూడు అద్దాలు పగలగొట్టాడు. ఇవాళ మధ్యాహ్నానికి ఏడడుగుల నిలువుటద్దం కోసి ఇవ్వాలి. అదీ పోతే దుకాణానికి తాళం వేసుకోవడమే.

వెనక వంటగదిలోంచి అతని భార్య పొగలు కక్కే గ్లాసుతో వచ్చింది.

"ఇదుగో, తాగండి."

"రోజూ ఏంటే ఇది? పేరైనా చెప్పవు."

"పేరు చెబితే వణుకు తగ్గుద్దా? ఏదో ఆకూ అలమూ. ముందు తాగండి."

లేత పసుపు రంగు నీళ్ళు. నిమ్మకాయ పిండలేదు గానీ నిమ్మ వాసన. నాలుగు గుక్కలు దిగేసరికి, రోజంతా మోగి మోగి ఆగిపోయిన యంత్రంలా అతని ఛాతీలో దడ సద్దుమణిగింది. అద్దాలాయన చెయ్యి ఎత్తి వెలుతురుకి పెట్టి చూశాడు. ఐదు వేళ్ళూ నిలబడ్డాయి. ఇరవై రోజులుగా చూస్తున్నా ఆ వింత అతనికి పాతబడలేదు. ఇంకెవరి చెయ్యో తెచ్చి తనకి అతికించినట్టు, దాన్ని తిప్పి తిప్పి చూసుకున్నాడు.

సర్వేయరు గడ్డికి అవతలి అంచున రెండు కొయ్యలు పాతి వచ్చాడు.

"నువ్వు చెప్పిందే నిజమయ్యా. గడ్డి ఉన్నంత మేరా నీదే."

అద్దాలాయన కొడవలి తెచ్చాడు, కంచె దాటాడు.

"జరగండి మాస్టారూ. ఇవాళ్టితో మీ పంట ఖాళీ."

"కొయ్యి నాయనా," అన్నాడు మాస్టారు స్టూలు మీంచి లేస్తూ. "చెయ్యి జాగ్రత్త. ఆ ఆకుల అంచులు పదును."

మొదటి గుప్పెడు తెగింది. వాసన గుప్పుమంది. నిమ్మ వాసన.

కొడవలి అక్కడే ఆగిపోయింది. అద్దాలాయన ఒక ఆకుని నలిపి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తల తిప్పి భార్య వైపు చూశాడు. ఆమె ఖాళీ గ్లాసుని రెండు చేతులతో పట్టుకుని నిలబడిపోయింది.

"ఏమే... రోజూ నువ్వు కాచి ఇచ్చింది దీన్నేనా?"

"నిమ్మగడ్డండీ అది. మాస్టారుగారే కంచె మీంచి ఇచ్చేవారు. చెబితే తాగుతారా మీరు? ఇరవై రోజుల్నించీ మీకు గడ్డే పెడుతున్నాను."

సర్వేయరు దగ్గు వచ్చినట్టు ముఖం అటు తిప్పుకున్నాడు.

"ఏం మాస్టారూ! నా స్థలంలో పెంచి నాకే పోయిస్తారా?"

"నీ నేలలో మొలిచింది నీకే ఇస్తే తప్పేముంది నాయనా? అద్దాలు పగిలిన చప్పుడు మా వరండాలోకి వినపడేది. మూడోది పగిలిన రోజు ఇక ఉండబట్టలేక ఒక కట్ట కోసి మీ ఆవిడకిచ్చాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకూ ఇదే వణుకు. క్లాసులో సుద్దముక్క నా చేతిలో నిలిచేది కాదు. ఇది తాగే నెట్టుకొచ్చాను."

"మీరు ఆయన మీద అర్జీ పెట్టొచ్చిన రోజు కూడా ఇచ్చారండీ," అంది భార్య మెల్లగా. "ఆ రోజు రెండు కట్టలిచ్చారు. ఇవాళ దడ ఎక్కువుంటుందమ్మా అని."

అద్దాలాయన కంచెకి ఇవతల తన వైపు చూశాడు. ఏళ్ళ తరబడి విసిరేసిన గాజుపెంకులు ఎండకి తళుక్కుమంటున్నాయి. వాటి సందుల్లో పిచ్చిమొక్క కూడా లేదు. అవతల చూశాడు. అదే మట్టి. అదే వాన. అక్కడ మాత్రం పచ్చగా, నడుమెత్తున, గాలికి ఊగుతూ తన చేతి నిలకడంతా మొలిచి ఉంది. పగిలే వస్తువులా జాగ్రత్తగా ఆ గడ్డి గుప్పెడుని తీసి స్టూలు మీద పెట్టాడు.

"సరేనయ్యా, నాకింకా రెండిళ్ళు కొలవాలి," అన్నాడు సర్వేయరు, సున్నం డబ్బా అందిస్తూ. "హద్దు గీత పడితే సంతకాలు పెట్టుకుందాం. నువ్వే గియ్యి. గీతలు గీసి బతికే చెయ్యి కదా."

అద్దాలాయన ఇంటి గోడ మొదట్లో వంగి నిలబడ్డాడు. ఒకసారి ఊపిరి పీల్చాడు. ఇంక రోడ్డు దాకా ఆగలేదు. సున్నం ధార ఎక్కడా తెగలేదు, ఎక్కడా వంకర పోలేదు. తాడు పట్టినా అంత తిన్నగా రాదు.

"ఏమయ్యా, గీత తప్పింది!" సర్వేయరు అరిచాడు. "కొయ్యలు కనపడలా? దిద్దు, దిద్దు!"

"గాజైనా నేలైనా గీత ఒక్కసారే సార్," అన్నాడు అద్దాలాయన, చేతులు దులుపుకుంటూ.

గీత పాత కంచె వెంటే పడింది. వణకని చేత్తో అతను పోగొట్టుకున్నది వెడల్పు మూడడుగులు, పొడవు నలభై రెండడుగులు.