చేపలు పైకి వెళ్ళాయా?

మూసిన ఇనుప గేటును చేపలు తలలతో కొడుతున్నాయి.

నిన్న కొండల మీద తొలివాన పడింది. వాగు ఎర్రబడింది. ఆ ఎర్రనీరు తగిలితే చాలు, వేసవంతా మడుగులో దాక్కున్న చేపలు గుడ్ల బరువుతో ఎదురెక్కుతాయి. పైన సన్నటి ఇసుకలో గుడ్లు పెడతాయి. చలికాలానికి మళ్ళీ దిగివస్తాయి.

ఆనకట్ట దగ్గర వాటికి దారి ఈ గేటు ఒక్కటే. తీసే ఉద్యోగం నాది. నిరుటి దాకా మా తమ్ముడిది.

ఫోను మోగింది. అరమైలు అవతలి రంగుల ఫ్యాక్టరీ మేనేజరు.

"ఏమ్మా, మీ నిండు చూలాళ్ళు పుట్టింటికి వెళ్ళారా?"

ఏటా గేటు కాపలావాళ్ళకు ఇదే ప్రశ్న. ఫ్యాక్టరీ గొట్టం ఆనకట్ట కింది మడుగులోకే తెరుచుకుంటుంది. చేపలు పైకి వెళ్ళాక మురుగు వదిలితే చచ్చేవి ఉండవు. చచ్చేవి లేకపోతే అడిగేవాళ్ళూ ఉండరు.

నిరుడు ఆయన ఆగలేదు. మడుగంతా తెల్లగా తేలింది. గేటు కాపలావాడే చేపలు పట్టడానికి నీళ్ళలో విషమందు కలిపాడని సాక్ష్యం చెప్పాడు. తమ్ముడికి మూడేళ్ళ జైలు పడింది.

ఈ ఉద్యోగం నాకు ఇప్పించిందీ ఆయనే. జాలిపడి.

"చెప్పవేం? వెళ్ళాయా లేదా?"

"తెల్లారేసరికే వెళ్ళాయి సార్. ఒక్కటీ మిగల్లేదు."

"మీ తమ్ముడి కంటే నువ్వే నయం. వాడికి నోరెక్కువ."

"మీ మేలు ఊరికే పోనివ్వను సార్."

నవ్వి పెట్టేశాడు.

చక్రం తాళం తీసి నాలుగు చుట్లు తిప్పితే గేటు లేస్తుంది. చేతులు వాటంతటవే దాని మీదికి పోయాయి. లాక్కుని ఒళ్ళో బిగించుకున్నాను.

పదింటికి కాలుష్య శాఖ అధికారి వచ్చాడు. మెడలో కెమెరా, సంచిలో ఖాళీ సీసాలు. చేపల ఎదురెక్కుడు చూపిస్తానని నేనే పిలిచాను.

"అబ్బో, ఇన్నా! ఇంకా వదల్లేదేమ్మా?"

"చక్రం బిగుసుకుంది సార్."

ఆయన చక్రం వంక చూశాడు. కొత్త గ్రీజు మెరుస్తోంది.

ఏదో అనబోయాడు. అంతలో గొట్టంలోంచి నల్లటి నీలం దూకింది.

మేం చూస్తూండగానే గేటు మీద చప్పుడు తగ్గింది. తర్వాత ఆగిపోయింది.

"కెమెరా తీయండి సార్," అన్నాను.

రిపోర్టులో ఆయన చక్రం బిగుసుకుందనే రాశాడు.

ఫ్యాక్టరీ పనివాళ్ళు ఒక్కొక్కరే నోరు విప్పారు. నిరుటి సంగతీ బయటపడింది. మేనేజరును వ్యాను ఎక్కిస్తుంటే కోర్టు మెట్ల మీద నిలబడి, అది మలుపు తిరిగే దాకా చూశాను. ఆ పూట అన్నం రెండోసారి పెట్టుకుని తిన్నాను.

వానలు వెనకబట్టాక తమ్ముడు విడుదలయ్యాడు.

ఇంటికి రాకుండా తిన్నగా పై వాగుకు వెళ్ళాడు. నేనూ వెనకే వెళ్ళాను. మోకాలి లోతు నీళ్ళలో నిలబడ్డాడు. ఈ రోజుల్లో అక్కడ వేలెడేసి చేపపిల్లలు గుంపులుగా కాళ్ళకు తగులుతూ తిరగాలి.

వంగి దోసిట్లో నీళ్ళు తీసి చూశాడు, ఒక్కటీ లేదు.

"ఆ రోజు గేటు మూసే ఉందా అక్కా?"

"నీ కోసమేరా."

ఒడ్డుకు వచ్చాడు. నా మొహం చూడకుండా చెయ్యి చాచాడు.

"గేటు తాళంచెవి ఇలా ఇచ్చెయ్."