ఒక్క పుస్తకం, ఒక్క సీడీ

"కరెంటు పోయేలోగా అయిపోతుందా?" అని బెదియాకో అడగడం అది నాలుగోసారి.

"అయితే అవుతుంది, లేకపోతే లేదు. మీరు అడిగినకొద్దీ తొందరగా కాదు కదా పెద్దాయనా," అన్నాడు ఇస్సాకా. కుమాసిలో కంప్యూటర్ సామాన్లమ్మే సందులో ఇరుకు కొట్టు అతనిది. ఆ వారం ఆ సందుకి ఒంటిగంటకి కరెంటు తీస్తున్నారు. గోడ గడియారంలో పన్నెండూ నలభై అయింది.

అసుబెనా జిల్లా ఆసుపత్రిలో ముప్ఫై ఒక్కేళ్ళుగా రోగుల కార్డులు చూసే గుమాస్తా బెదియాకో. ఏ కార్డు ఏ అరలో ఉందో కళ్ళు మూసుకుని చెబుతాడు. ఇప్పుడా అరలన్నీ కంప్యూటర్లోకి వెళ్ళిపోతున్నాయి. సోమవారం రాజధాని అక్రా నుంచి ఎవరో వచ్చి, గుమాస్తాలందరినీ వరసగా కూర్చోబెట్టి డేటాబేస్ మీద పరీక్ష పెడతారు. తప్పినవాళ్ళు ఇంటికే. ఇవాళ శనివారం. అతనికి మౌస్ పట్టుకోవడమే ఇంకా సరిగ్గా రాదు.

హెడ్ నర్సు పుణ్యం కట్టుకుని ఏమేం కావాలో చీటీ మీద రాసిచ్చింది. సాఫ్ట్‌వేర్, చేసి చూసుకోవడానికి ఫైళ్ళు, పుస్తకం. మొదటి రెండూ సీడీలోకి ఎక్కుతున్నాయి. పుస్తకం చేతికొచ్చింది. జిరాక్స్ తీసి కుట్టిన లావుపాటి పుస్తకం, కొట్టులో ఆఖరిది. బెదియాకో దాన్ని పొట్టకి అదుముకుని కూర్చున్నాడు.

బెంచీ అవతలి చివర ఒక అమ్మాయి ఉంది. పేరు సెర్వా. ఒళ్ళో ప్రయాణపు సంచి. తన సీడీ అప్పటికే అయిపోయింది.

"నాకూ ఆ పుస్తకం కావాలి," అంది ఇస్సాకాతో.

"ఈయన సీడీ అవనీ, ఇంకోటి జిరాక్స్ తీసిస్తా. రెండు మిషన్లూ ఒకేసారి నడిపితే ఫ్యూజు ఎగిరిపోతుంది."

ఆ మాటకి అమ్మాయి గడియారం వంక చూసింది. బెదియాకో తెర వంక చూశాడు. డెబ్భై శాతం. డెబ్భై ఒకటి. ఆ అంకె నత్తనడక నడుస్తోంది.

డెబ్భై నాలుగు దగ్గర పంకా ఆగింది. తెర నల్లబడింది. ఒంటిగంటకి ఇంకా తొమ్మిది నిమిషాలుంది.

"ముందే తీసేశారు దరిద్రులు," అన్నాడు ఇస్సాకా. "జనరేటర్ చూస్తే రిపేర్లో ఉంది. ఇక ఇవాళ్టికి రాదు. రేపు ఆదివారం, సందంతా మూతే."

బెదియాకోకి ముప్ఫై ఒక్కేళ్ళ కొలువు ఆ నల్లటి తెరలో కలిసిపోయినట్టే అనిపించింది. పక్కన చిన్న చప్పుడైతే తిరిగి చూశాడు. అమ్మాయి ఏడుస్తోంది.

"నీకేమొచ్చింది తల్లీ?"

"నాక్కూడా సోమవారమే మామయ్యగారూ. ఈ రెండ్రోజుల్లో నేర్చుకోకపోతే పరువు పోతుంది, ఉద్యోగం పోతుంది."

"కుర్రదానివి, నీకు రాకపోవడమేంటి?"

"మా ఆఫీసులోనూ ఇదే మాట. నేను చదివింది మొక్కజొన్నకి పట్టే పురుగుల గురించి. చదువయ్యాక అందరూ ఏడాదిపాటు చెయ్యాల్సిన జాతీయ సేవ కింద తీసుకెళ్ళి ఆఫీసులో వేశారు. కుర్రదానివి, కంప్యూటర్ వచ్చే ఉంటుందిలే అన్నారు. పెద్దవాళ్ళ ముందు రాదనడానికి నోరు పెగల్లేదు."

బెదియాకోకి జాలేసింది. తన గోడూ చెప్పుకున్నాడు.

"ఏ ఊరి ఆసుపత్రి అన్నారు?" అంది అమ్మాయి.

"అసుబెనా."

అమ్మాయి ఇంకా ముడుచుకుపోయింది. "అక్రా నుంచి వచ్చేవాళ్ళంటే మీకు అంత భయమా?" అని అడిగింది.

"భయమా? వారం నుంచీ కంటిమీద కునుకు లేదు. ఫుఫు ముద్ద గొంతు దిగడంలేదు. పోయిన నెల పక్క జిల్లాలో ముగ్గుర్ని పూట తిరక్కుండా ఇంటికి పంపేశారు. వాళ్ళకి రానిదంటూ లేదట. మన వేలు వణికినా పట్టేస్తారట."

అమ్మాయి తన వేళ్ళని సంచి కింద దాచుకుంది.

కొట్టులో ఉక్కపోతగా ఉంది. ఇస్సాకా అట్టముక్కతో విసురుకుంటున్నాడు. బెదియాకో పుస్తకం తిరగేశాడు. అన్నీ గళ్ళూ, బాణం గుర్తులూ. ముందు కంప్యూటర్లో ఆ సాఫ్ట్‌వేర్ ఉంటే కదా ఇవి పనికొచ్చేది. సగం ఎక్కిన సీడీ చెవికి వేలాడేసుకోవడానికి తప్ప దేనికీ కొరగాదు. ఆ పిల్ల దగ్గర నిండు సీడీ ఉంది, పుస్తకం లేదు. తను అసుబెనా వెళ్ళాలి, ఆ పిల్ల ఎటు వెళ్ళాలో ఏమో.

చాలాసేపు ఆలోచించాడు. చివరికి పుస్తకం చాపాడు. కంగారులో ఎడమచెయ్యి చాపినందుకు నాలిక్కరుచుకుని, కుడిచేతికి మార్చి మళ్ళీ చాపాడు.

"తీసుకో. నాకింకా రెండేళ్ళే సర్వీసు. నీకు బతుకంతా ముందుంది. ఇద్దరం మునిగేకన్నా ఒకరైనా గట్టెక్కడం నయం."

"వద్దు మామయ్యగారూ."

"తీసుకోమంటుంటే. ఆ అక్రా రాక్షసుల చేతిలో నువ్వైనా పడకు."

అమ్మాయి రెండు చేతులతో పుస్తకం అందుకుంది. అందుకున్నాక తలెత్తలేకపోయింది.

"నన్ను క్షమించండి మామయ్యగారూ," అంది ఆఖరికి, "సోమవారం అసుబెనాలో మీకా పరీక్ష పెట్టమని పంపింది నన్నే."