ఇంకా తయారు కాని జీపు

బురద కాదేమో, గ్రీజే అయ్యుంటుందేమో అనుకుంటూ అతను మరోసారి వంగి చూశాడు. కాదు, బురదే. ముందు టైరు గాడిలో వేలు దిగేంత లోతున ఎండిపోయి, ఎర్రగా ఉంది. ఇంటికీ మెకానిక్ షెడ్డుకీ మధ్యనున్న తారురోడ్డు తప్ప ఈ జీపు ఎనిమిదేళ్ళుగా మరో దారి ఎరగదు. ఎర్రమట్టి ఎక్కణ్ణుంచి వచ్చింది?

తలుపు తీసి ఎక్కబోతే మోకాలు స్టీరింగుకి కొట్టుకుంది. సీటు రెండు మెట్లు ముందుకి జరిపి ఉంది. ఆఫీసు పని మీద నాలుగు రోజులు ఊళ్ళో లేకపోతే ఇంత పనా? తన చొక్కా ఎవరో తొడుక్కుని, చెమట పట్టించి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ తీగ మీద ఆరేసి పోయినట్టు అనిపించి అతనికి ఒళ్ళు మండిపోయింది.

ఫోను తీసి మెకానిక్‌కి కలిపాడు.

"నా జీపేసుకుని ఎక్కడ షికార్లు చేశావ్?"

"నేనా? స్ప్రింగులు మార్చినప్పుడు ఒకసారి చూద్దామని వీధి చివరిదాకా తీసుకెళ్తేనే మీరు నెల్లాళ్ళు మాట్లాడలేదు సార్. మళ్ళీ ముట్టుకుంటానా?"

"రెండో తాళం నీ దగ్గరేగా ఉంది?"

"మొన్ననే ఇచ్చేశాను సార్."

"ఎవరికి?"

"మీ ఇంట్లోనే కనుక్కోండి" అని మెకానిక్ ఫోను పెట్టేశాడు.

భార్య వంటింటి గట్టు మీద పరీక్ష పేపర్లు దిద్దుతోంది. బళ్ళో లెక్కల టీచరు. అతను గుమ్మంలో నిలబడ్డా తల ఎత్తలేదు.

"జీపు నువ్వు తీశావా?"

"తీశాను."

కాదంటుందని, అప్పుడు ఏమనాలో దారిలో తయారు చేసుకుని వచ్చాడు. ఆ మాటలన్నీ వృథా అయ్యేసరికి కోపం ఒక్క క్షణం తడబడి, మళ్ళీ రెట్టింపై వచ్చింది.

"ఎక్కడికి?"

"కొండ అవతల జలపాతానికి. అక్క కూడా వచ్చింది."

"నన్నొక మాట అడగాలనిపించలేదా?"

"ఎనిమిదేళ్ళు అడిగాను. టైర్లు మార్చనీ అన్నారు. ఎత్తు పెంచనీ అన్నారు. నీళ్ళలో మునిగితే ఇంజనుకి ఊపిరాడాలని ఆ గొట్టం పెట్టించారు. ఇరుక్కుంటే లాక్కోవాలని ముందు ఆ తాడు చుట్టే యంత్రం బిగించారు. ఇప్పుడేం మిగిలింది?"

"వెనక ఇరుసుకి లాకు పడాలి. అది లేకుండా బురదలో దిగితే ఒక చక్రం ఊరికే తిరుగుతూ ఉంటుంది, బండి అంగుళం కదలదు. తెలుసా?"

"తెలుసు. వాగులో అలాగే తిరిగింది."

అతను గుమ్మం దాటి లోపలికొచ్చాడు. "ఇరుక్కుందా?"

"ఆఁ. అక్క ఒళ్ళంతా బురద కొట్టింది. అప్పుడు గేరు రాడ్డు పక్కనున్న ఆ చిన్న రాడ్డు వేశాను. నాలుగు చక్రాలూ కలిసి లాగితే వచ్చేసింది."

అంత తేలిగ్గా వచ్చేసిందని వింటుంటే అతనికి బండి క్షేమమన్న సంతోషం కలగలేదు. తన దగ్గర ఎప్పుడూ ముడుచుకుని కూర్చునే మనిషి పరాయివాళ్ళతో పకపకా నవ్విందని విన్నట్టుంది.

"ఏమైనా అయ్యుంటే?"

"ఎవరికి? నాకా, జీపుకా?"

ఆవిడ ఒక పేపరు మీద సున్నా చుట్టి పక్కన పెట్టింది.

"ఈ ఆదివారం మళ్ళీ వెళ్తున్నాం. వాగు దాటి, కొండ పైదాకా. వస్తే రండి. లేకపోతే ఇంట్లో కూర్చుని మీ లాకు గురించి ఆలోచించుకోండి."

"అది గేటు దాటదు" అన్నాడు అతను. "నోరులేని బండి కాబట్టి సరిపోయింది. రాడ్డు పట్టుకుని లాగెయ్యడమేనా? ఎప్పుడు వెయ్యాలి, ఎంత వేగంలో వెయ్యాలి, ఎక్కడ తీసెయ్యాలి, ఏం తెలుసని నీకు? గేరుపెట్టె ముక్కలైపోతుంది. రా, చూపిస్తాను. అది విన్నాక కూడా వెళ్తానంటే వెళ్ళు."

ఆవిడ పెన్ను మూత పెట్టి అతని వెనకే నడిచింది.

అతను సీటుని కసిగా వెనక్కి తోసి, స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఆవిడ పక్కసీట్లో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఇది క్లచ్చు."

"తెలుసు."

"చెప్పేది విను."

చెప్పాడు. ఇంజను బలం వెనక ఇరుసుకి ఎలా వెళ్తుందో, అందులో ముందు ఇరుసుకి వాటా ఎప్పుడివ్వాలో, గట్టి నేల మీద ఇస్తే ఏ పళ్ళు అరిగిపోతాయో, చేతులు తిప్పుతూ పావుగంట చెప్పాడు. ఆదివారాల్లో షెడ్డు దగ్గర చేరే స్నేహితులు అతన్ని 'ప్రొఫెసర్' అనేది ఊరికే కాదు. చెబుతున్నకొద్దీ కోపం తగ్గింది. నాలుగు రోజులు చేజారిపోయిన జీపు మళ్ళీ తనదైపోతున్నట్టనిపించింది.

"అర్థమైందా? ఇదంతా తెలిసినవాళ్ళే దీన్ని ముట్టుకోవాలి."

"అర్థమైంది" అంది ఆవిడ. "ఇప్పుడు వెయ్యండి, చూస్తాను."

అతను చిన్న రాడ్డు మీద చెయ్యి వేశాడు. దాని పిడి కూడా అతను మార్పించిందే. పాతదాని మీద గీతలూ అక్షరాలూ ఉండేవి. ఇది నున్నటి చెక్క పిడి, దీని మీద ఏమీ లేదు. అతను దాన్ని కాస్త ముందుకి నొక్కాడు, ఆగాడు. కాస్త వెనక్కి లాగాడు, ఆగాడు. ఆవిడ ఓపిగ్గా చూస్తోంది.

అతను ఒకసారి గేటు వైపు చూసి, ఆవిడ చెయ్యి తీసి ఆ పిడి మీద పెట్టి, "ముందుకా, వెనక్కా?" అని గొంతు తగ్గించి అడిగాడు.