పక్క సిస్టమ్

"ఈ మెమరీ మీద రాసిన వేగం మూడు వేల రెండొందలు. నడుస్తున్నది రెండు వేల నాలుగొందలే," అన్నాడు మెకానిక్ కంప్యూటర్ మూత విప్పి.

"చూశారా! నేను చెబితే ఎవరూ నమ్మలేదు," అన్నాడు కొత్తాయన. మొహంలో ఎక్కడలేని సంబరం.

పక్క సీట్లో ఉన్న సీనియర్ టైపిస్టు మూతి తిప్పుకుంది.

ఆస్పత్రి పాత కేసు షీట్లను కంప్యూటర్లోకి ఎక్కించే ఆఫీసు అది. బీరువాలోంచి ఎవరికి వాళ్లు కట్టలు తెచ్చుకుని, తమ పేరు మీద టైపు చేసుకుపోవాలి. రోజుకి నూట యాభై షీట్లు. తగ్గితే ఇంటికే. కొత్తవాళ్లకు మాత్రం ఐదు నెలల గడువు.

కొత్తాయనకు ఆ గడువూ తీరిపోయింది. ఏ రోజూ ఎనభై దాటిన పాపాన పోలేదు. మెషినే నెమ్మదండీ అంటూ నెట్టుకొస్తున్నాడు. ఆఫీసంతా ఆయన్ని నత్తగారు అనేది. ఆ పేరు పెట్టింది సీనియర్ టైపిస్టే.

ఆర్నెల్ల కిందట ఆమెకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి స్వాధీనం తప్పింది. ఇంట్లో భర్త మంచం మీదున్నాడు. ఈ ఉద్యోగం పోతే ఇద్దరికీ దిక్కులేదు. తిరిగి చేరిన మొదటి వారం అంకె పడిపోయి గుండె జారింది గానీ, తర్వాత పుంజుకుంది. సాయంత్రం లిస్టులో రోజూ నూట అరవై. ఆ అంకె చూసుకున్నాకే ఆమెకు ఇంటికి కాళ్లు కదిలేవి.

మెకానిక్ మెమరీ ముక్కలు రెండూ ఊడదీశాడు.

"ఇదీ సంగతి. ఒకటి పాతది. జతగా పెడితే కొత్తది కూడా దాని వేగంతోనే నడుస్తుంది."

"అలాగే ఉండనివ్వండి, పర్లేదు," అన్నాడు కొత్తాయన.

"భలేవారే!" పాతది తీసేసి ఇంకో కొత్తది బిగించాడు. సెట్టింగులు మార్చాడు. "ఇక గుర్రమే."

కొత్తాయన మొహంలో సంబరం దిగిపోయింది.

"మెషిన్ బాగుపడింది," అన్నాడు మేనేజరు. "వారం చూస్తాను. అంకె పెరక్కపోతే మీ దారి మీరు చూసుకోవాలి."

వారం గడిచింది. అంకె ఎనభై దగ్గరే ఉంది.

"మేడమ్, మీరు పక్కనే ఉంటారుగా. ఈయన అసలు పని చేస్తున్నాడా?" మేనేజరు అడిగాడు.

"ఒంటి చేత్తో నేను నూట అరవై చేస్తున్నాను. రెండు చేతులూ బాగున్న ఆయన ఎనభై చేస్తే ఏమనుకోవాలి?" ఆయన వినేలాగే అంది.

కొత్తాయన టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకున్నాడు. వెళ్తూ ఆమె దగ్గర ఆగాడు.

"చెయ్యి జాగ్రత్తమ్మా. మర్దన మానకండి."

"నా సంగతి నేను చూసుకుంటాను లెండి."

ఎక్కడికి పోతున్నాడో ఎవరూ అడగలేదు. ఆయన ఇల్లెక్కడో కూడా ఎవరికీ తెలియదు.

మర్నాడు లిస్టులో ఆమె అంకె డెబ్బై. ఆ మర్నాడు అరవై ఎనిమిది. నాలుగో రోజుకి మెకానిక్‌కి కబురు పెట్టింది.

"నా మెమరీ కూడా నెమ్మదించింది. కాస్త చూడు నాయనా."

అతను మూత విప్పాడు. రెండు మూడు పరీక్షలు పెట్టి తల అడ్డంగా ఊపాడు.

"రాసినంత వేగంతోనే నడుస్తోంది మేడమ్. ఏ లోపమూ లేదు."

"మరి నా అంకె ఎందుకు పడిపోయింది? ఎప్పటిలాగే కొడుతున్నానే!"

అతను ఆమె పేరు మీద ఎక్కిన షీట్ల చిట్టా తెరిచి, నెలలు వెనక్కి జరుపుతూ చూశాడు. స్క్రీన్ అంచుకి ఆమె అంటించుకున్న పాస్‌వర్డ్ చీటీ వంక చూశాడు. తర్వాత పక్కనున్న ఖాళీ కుర్చీ వంక చూశాడు.

"తిరిగి చేరాక మీరు ఎప్పుడూ డెబ్బై దాటలేదు మేడమ్," అన్నాడు మెల్లగా. "మీ పేరు మీద పడ్డ మిగతా తొంభై, ఐదు నెలలుగా రోజూ ఆ పక్క సిస్టమ్ నుంచే వచ్చాయి."