స్కూటర్‌కు పాఠాలు

“కదలకండి మామయ్యగారూ!”

“నేనెక్కడ కదిలాను? నీ బండే కదిలింది” అన్నారు మామగారు, రెండు చేతులతో హ్యాండిల్‌ను గట్టిగా పట్టుకుని.

బండి అంటే రెండు చక్రాలు, వాటి మధ్య నిలబడటానికి ఒక పలక, నిలువుగా ఒక గొట్టం, దాని మీద హ్యాండిల్. కోడలు కాలేజీ రోబోటిక్స్ ల్యాబులో టెక్నీషియన్. మూలనపడ్డ రోబోల్లోంచి పనికొచ్చే భాగాలు ఏరి తెచ్చి, హాల్లో భోజనాల బల్లకూ గోడకూ మధ్య దీన్ని బిగించింది. పూర్తయితే ఈ స్కూటర్ మనిషి ముందుకు వాలితే ముందుకు పోతుంది, పడబోతే తనే సర్దుకుని నిలబెడుతుంది. ప్రస్తుతానికి చక్రాలకు ముందూ వెనకా చెక్కలు అడ్డం పెట్టి ఉన్నాయి. జానెడు మించి ఎటూ పోదు.

“చెక్కలెందుకమ్మాయ్?”

“ముందు నిలబడటం నేర్చుకోవాలి కదా. నడక తర్వాత.”

మామగారు ముప్పై ఒక్కేళ్లు బస్సు నడిపారు. నాలుగు నెలల కిందట చెవిలో ఏదో జబ్బు చేసి తగ్గింది గానీ, పోతూ పోతూ ఆయన నిలకడను పట్టుకుపోయింది. లేచి నిలబడితే ఇల్లంతా తిరిగేది. డాక్టరు వ్యాయామాల కాగితం ఇస్తే, దాన్ని నాలుగు మడతలు పెట్టి, ఊగే బల్ల కాలి కింద దూర్చారు. చేతికర్ర కొంటామంటే ససేమిరా అన్నారు. గోడలు తడుముకుంటూ బాత్రూం దాకా వెళ్లడమే ఆయన ప్రయాణం.

అలాంటి మనిషికి ఇప్పుడు బయటికి వెళ్లాల్సిన పని పడింది. ఆయన బస్సులో పద్దెనిమిదేళ్లు టిక్కెట్లు కొట్టిన కండక్టరు రిటైరవుతున్నాడు. ఒకటో తారీకున డిపోలో వీడ్కోలు సభ. డిపో వీధి చివరే ఉంది. “ఒకళ్లు రెక్క పట్టుకుని తీసుకెళ్లేట్టయితే నేను రాను. ఆ డిపోలో నన్నెవరూ అలా చూడకూడదు” అని ఇంట్లో తేల్చి చెప్పారు. చెప్పాక అటు తిరిగి కళ్లు తుడుచుకున్నారు.

కోడలు స్కూటర్ మాట ఎత్తింది ఆ మర్నాడే.

“తూలిపోయేవాణ్ణి, నేనెక్కితే ఏం లాభం?” అన్నారాయన.

“మీరే కావాలి. నిలబడటం వచ్చినవాళ్లు ఎక్కితే వాళ్లే నిలబడతారు. ఇక బండి నేర్చుకునేదేముంది? మీలాంటివాళ్లు ఎక్కితేనే దానికి బుద్ధొస్తుంది. నేర్చుకుందంటే దాని మీదే డిపోకి వెళ్లొచ్చు.”

మెచ్చుకుందో తిట్టిందో తేల్చుకోలేక మామగారు ఎక్కారు.

పొద్దున ఇరవై నిమిషాలు, సాయంత్రం ఇరవై నిమిషాలు. బండి ఎంత ఊగిందో పలక ముందంచున ఉన్న చిన్న తెర మీద అంకె పడుతుంది. మొదటి రోజు పద్నాలుగు. అత్తగారు చుట్టూ దిండ్లు పేర్చి, గుండె చేత్తో పట్టుకుని కూర్చున్నారు. పలక కింది పెట్టెలోంచి గుయ్యిమని చప్పుడు వస్తోంది.

“ఇంజన్ బాగా పలుకుతోంది” అన్నారు మామగారు.

అది సర్క్యూట్ వేడెక్కకుండా పెట్టిన ఫ్యాను. కోడలు సరిదిద్దలేదు.

వారం తిరిగేసరికి అంకె తొమ్మిదికి దిగింది. రెండో వారంలో కోడలు హ్యాండిల్‌ను గొట్టంతో సహా ఊడదీసింది.

“అదేంటి, ఏం పట్టుకోను?”

“వెల్డింగ్‌కి ఇవ్వాలి మామయ్యగారూ. అప్పటిదాకా ఇలాగే కానివ్వండి.”

“ఎక్కేవాడి ప్రాణాలంటే లెక్కలేదు నీకు” అని కారాలూ మిరియాలూ నూరుతూనే ఎక్కారు. అంకె ఆరు. మూడో వారంలో ఆమె కళ్లు మూసుకోమంది. మీరు చూస్తూ ఉంటే బండి మీ మీద ఆధారపడిపోతోందని చెప్పింది. ఆ మాట ఆయనకు సబబుగానే తోచింది. డ్రైవరు పక్కనే కూర్చుంటే క్లీనరు ఎప్పటికీ నేర్చుకోడు.

కండక్టరుకు ఫోన్ చేసి మరీ చెప్పారు. “మా ఇంట్లో మెషిన్‌కి నేనే డ్రైవింగ్ నేర్పిస్తున్నానయ్యా. మొండిఘటం. ఇప్పుడిప్పుడే దారికొస్తోంది.”

ముప్పయ్యో తారీకు సాయంత్రం తెర మీద ఒకటి పడింది.

మర్నాడు మామగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని హాల్లోకి వచ్చారు.

“బండి కిందికి దించమ్మాయ్. పదింటికల్లా అక్కడుండాలి.”

కోడలు తల దించుకుంది. “ఈరోజు కుదరదు మామయ్యగారూ. అది ఇంకా రోడ్డెక్కే స్థితిలో లేదు.”

“ఒకటని చూపించిందిగా!”

“చూపించింది. కానీ కుదరదు.”

మామగారి మొహం జేవురించింది. “మూడు వారాలు! ఇన్నాళ్లు చెబితే గోడ కూడా బస్సు నడిపేది. ఇంత చేసి సమయానికి ఎగనామం పెడుతుందా? నమ్ముకున్నాను చూడు, నన్ననాలి!”

ఒంటికాలి మీద నిలబడి ఒక సాక్సు తొడుక్కున్నారు. కాలు మార్చి రెండోది తొడుక్కున్నారు. తలుపు ధడాలున వేసి మెట్లు దిగారు. వీధిలో ఎదురొచ్చిన బస్సును చెయ్యెత్తి ఆపి, రోడ్డు దాటి, డ్రైవరుకు హారన్ గురించి ఏదో చీవాట్లు పెట్టి, చకచకా డిపో వైపు నడిచారు. గేటు దగ్గర ఖాకీ చొక్కాల గుంపు ఆయన్ను చుట్టుముట్టింది.

కోడలు కిటికీలోంచి చూస్తోంది. అత్తగారు కొంగుతో కళ్లొత్తుకుని ఆమె మీద విరుచుకుపడ్డారు. సంతోషం వస్తే ఎవరినో ఒకరిని కోప్పడటం ఆవిడకు అలవాటు.

“ఆ మనిషితో అంత చాకిరీ చేయించుకుని, చివరికి కాలినడకన పంపావు! ఇంతకీ ఏం చెడిందే ఆ బండికి?”

“ఏమీ చెడలేదత్తయ్యా.”

“మరి?”

“దానికి మోటార్లు ఇంకా కొనలేదు.”