దయానందం పడవ ప్రయాణం

"పోటు వచ్చినప్పుడు మడ అడవుల్లోకి దూరిపోవాల. పాటు మొదలవకముందే బయటికొచ్చీయాల. అంతే జయమణీ, ఇందులో బయపడ్డానికేటుంది?" అంటూ దయానందం సాంబారులో మునిగిన ఇడ్లీల మధ్య నుంచి చెంచాని వయ్యారంగా నడిపించాడు.

జయమణి ఇంకో ఇడ్లీ వేసింది. అదీ ఒక దీవి అయింది.

పోర్టు ఆఫీసులో గుమాస్తాగా రిటైరైన దగ్గర్నుంచీ మల్కాపురంలోని ఆ ఇంట్లో రోజూ ఇదే వరస. అండమాన్‌లో ఓ చిన్న తెరచాప పడవ, నడపడానికి అక్కడి సరంగు, దీవి నుంచి దీవికి భార్యాభర్తల ప్రయాణం. సముద్రం ఎప్పుడు పొంగుతుందో, ఎప్పుడు నీళ్లు లాగేసి పడవని ఇసుక మీద కూర్చోబెడుతుందో ఆయనకి కంఠతా వచ్చు. చెబుతుంటే కళ్లు మెరిసేవి. నీళ్లంటే భయమని, తను రానని జయమణి అనేది. "నువ్వు రాకపోతే నానెలా ఎల్తాను?" అని ఆయన నిట్టూర్చి, మర్నాటికి మరో కొత్త దారి చెప్పేవాడు.

ఆ నిట్టూర్పే ఆమె గుండెలో ముల్లై కూర్చుంది. మనిషికి తాగుడు లేదు, పేకాట లేదు. చర్చి వాళ్లంతా భీమిలి పిక్నిక్‌కి వెళ్లి పిల్లా పెద్దా అలల్లో గంతులేస్తుంటే, ఒడ్డున కూర్చుని అందరి చెప్పులకీ కాపలా కాసే మంచివాడు. అలాంటివాడి ఒక్కగానొక్క కోరికకి తను అడ్డుపుల్ల అయింది. ఈ పాపం ఎక్కడికి పోతుంది?

అందుకే తగరపువలసలో ఉన్న చెల్లెలు రోజలిన్‌కి మోకాళ్ల నొప్పులని ఆయనతో అబద్ధమాడి, వారం వారం అక్కడికెళ్లి స్విమ్మింగ్ పూల్‌లో దిగింది. ముక్కులోకి నీళ్లు పోయి ఏడ్చింది. పిల్లలు నవ్వినా పట్టించుకోలేదు. చివరికి చేప కాకపోయినా, మునగని బెండయితే అయింది.

ఆ ఆదివారం చర్చిలో ప్రార్థన విన్నపాలు అడిగినప్పుడు జయమణి లేచి నిలబడింది. వచ్చే నెల తామిద్దరూ అండమాన్‌లో పడవ ప్రయాణం చేస్తున్నారని, తనకి ఈత కూడా వచ్చేసిందని, అందరూ తమకోసం ప్రార్థించాలని చెప్పింది. సంఘమంతా ఆమెన్ అంది. పాస్టరు గారు దయానందాన్ని ముందుకి పిలిచి, తల మీద చెయ్యి వేసి ప్రార్థించి, తిరిగొచ్చి సాక్ష్యం చెప్పాలని మాట కూడా తీసుకున్నారు. అలా ప్రార్థన చేయించుకున్నాక ప్రయాణం మానుకున్నవాళ్లు ఆ సంఘంలో ఇంతవరకూ లేరు.

దయానందం కళ్ల వెంట బొటబొటా నీళ్లు కారాయి. ఇన్నేళ్ల కాపురంలో ఆయన ఏడవగా చూడటం అదే మొదలు. ఇంత సంతోషాన్ని ఇన్నాళ్లూ ఆపేశానే అని ఆమెకీ ఏడుపొచ్చింది.

ఇంటికొచ్చాక ఆయన అన్నం కెలికి వదిలేశాడు. ఆనందంతోనే కడుపు నిండిపోయిందనుకుంది. టీ పట్టుకుని పెరట్లోకి వెళితే, ఆయన అటు తిరిగి, ఆమె అన్న డేవిడ్ రాజుతో ఫోనులో గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. శుభవార్త చెబుతున్నాడు కాబోలని నవ్వుకుంటూ గుమ్మంలోనే ఆగింది.

"మీ సెల్లి ఎప్పటికీ ఒప్పుకోదన్న దైర్యంతోనే గదా బావా, నాను ఇన్నాళ్లూ ఎల్దాం ఎల్దాం అన్నాను."